మ్యూజియం షాపులో కొన్న పళ్లెం చుట్టూ అరబిక్ రాత ఉంది – ఏమని రాసుంది? అందులో తినొచ్చా?

కృష్ణవేణి_ఎడిసన్
శనివారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మా ఆడపడుచు కూతురు డాలస్‌లో ఇల్లు కొనుక్కుంది, వచ్చే నెల గృహప్రవేశం. వెండి కుంకుమ భరిణెలు, గోడ గడియారాలు ఎలాగూ చాలామంది ఇస్తారు. అందుకని కిందటి వారం పక్క రాష్ట్రంలో ఒక చిన్న మ్యూజియం చూడ్డానికి వెళ్లినప్పుడు అక్కడి షాపులో పింగాణీ పళ్లేల సెట్ ఒకటి తీసుకున్నాను. పెద్ద పళ్లెం ఒకటి, చిన్నవి నాలుగు. మీగడ రంగు మీద నల్లటి అక్షరాలు. అంచు దగ్గర మొదలై లోపలికి నిలువుగా సాగుతాయి. దూరం నుంచి చూస్తే చెరువు చుట్టూ రెల్లు నిలబడ్డట్టు ఉంటుంది. మధ్యలో ఒక్క నల్ల చుక్క తప్ప ఏమీ లేదు. పెద్దదానికి మాత్రం అంచున సన్నటి బంగారు గీత ఉంది.

పెట్టెలో ఉన్న కార్డు మీద "10వ శతాబ్దపు ఇరాన్ గిన్నె స్ఫూర్తితో" అని ఒక్క ముక్క. ఇంకేమీ లేదు. ఇంటికొచ్చాక రెండు విషయాలు పట్టుకున్నాయి నన్ను. ఒకటి, ఆ రాత ఏమిటి? దేవుడి పేరో, వాళ్ల పవిత్ర గ్రంథంలోని వాక్యమో అయితే దాని మీద అన్నం కలుపుకుని ఎంగిలి చెయ్యడం నాకు మనసొప్పదు. రాముడి పేరున్న పళ్లెంలో మనం తింటామా? రెండు, మన ఇంట్లో పులుసు, నిమ్మకాయ పచ్చడి, పెరుగు లేని రోజు ఉండదు. ఇలాంటి రంగుల పళ్లేలకి పులుపు పడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి. ఫోటో పెట్టాను.


దోహా_రమణ
శనివారం, ఉదయం 11:15

అక్కా, చదవడం నాకు రాదు గానీ ఇలాంటివి చాలా చూశాను. మాది జగిత్యాల దగ్గర పల్లె, దోహాలో ఏసీ మెకానిక్‌గా పన్నెండేళ్ల నుంచి ఉంటున్నా. ఇక్కడి ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం సముద్రంలో కట్టిన దీవి మీద ఉంటుంది. ఐ. ఎం. పే గీసిన బిల్డింగ్, 2008లో తెరిచారు. సెలవు రోజు సాయంత్రం పక్కనున్న పార్కులో కూర్చుంటే మనసు చల్లబడుతుంది. లోపల 9వ శతాబ్దం ఇరాక్ గిన్నెలు చూశా. తెల్లటి గిన్నె మీద నీలం రాత, మంచు మీద సిరా ఒలికినట్టు రంగు కొంచెం పాకి ఉంటుంది.

కిందటిసారి ఊరికి వెళ్లేటప్పుడు షాపులో మా ఇంటామెకి నీలం రాత ఉన్న కప్పు కొన్నా. ఆమె దాన్ని అద్దాల బీరువాలో పెట్టేసింది, ఇంతవరకు ఒక్కసారి కూడా చాయ్ పోయలేదు. మీ ప్రశ్నకి జవాబొస్తే నాకూ కావాలి.


సత్యం_మాస్టారు_హనుమకొండ
శనివారం, మధ్యాహ్నం 2:05

కృష్ణవేణి గారూ, కార్డు మీద ఊరి పేరు కూడా రాయలేదంటే బాధగా ఉంది. ఫోటో చూస్తే అది నిషాపూర్ గిన్నె నమూనా అనిపిస్తోంది. ఈశాన్య ఇరాన్‌లో, పట్టు వర్తకం నడిచిన దారిలో ఉన్న ఊరు. 819 నుంచి 999 వరకు ఏలిన సామానీ రాజుల కాలంలో నిషాపూర్, సమర్‌ఖండ్ కుమ్మరులు ఈ పని చేశారు. ఎర్రమట్టి గిన్నెకి పల్చటి తెల్లమట్టి పూత వేసి, ఆరాక దాని మీద నల్లటి మట్టి రంగుతో రాసి, పైన గాజులాంటి పూత వేసి కాల్చేవారు. 1221లో మంగోలులు ఆ ఊరిని నేలమట్టం చేశారు. తర్వాత 1935 నుంచి 1940 వరకు, మళ్లీ 1947లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్లు అక్కడ తవ్వకాలు జరిపారు. దొరికిన వస్తువుల్లో కొన్ని టెహ్రాన్‌లో ఉండిపోయాయి, కొన్ని న్యూయార్క్ చేరాయి.

మెట్రోపాలిటన్‌లో ఇదే తరహా పెద్ద గిన్నె ఒకటుంది. వెడల్పు 45.7 సెంటీమీటర్లు, ఎత్తు దాదాపు 18. పెళ్లి పందిట్లో పులిహోర కలిపే బేసిన్ గుర్తు తెచ్చుకోండి. నలుగురైదుగురు చుట్టూ కూర్చుని చేతులు పెట్టి తినే గిన్నె అన్నమాట. తింటూ ఉంటే అన్నం తగ్గేకొద్దీ గోడ మీది అక్షరాలు బయటపడతాయి. నాకు ఆ గిన్నెల్లో నచ్చేది అదే.

ఇంకో మాట. మ్యూజియం షాపుల్లో ఎర్ర తులిప్ పూలు, నీలం ఆకులున్న పళ్లేలని కూడా ఈ కోవలోనే అమ్ముతారు. అవి టర్కీలోని ఇజ్నిక్ పళ్లేల నమూనాలు, 16వ శతాబ్దానివి. అందంలో వాటికవే సాటి, కానీ మీ గిన్నెకీ వాటికీ మధ్య అయిదారు వందల ఏళ్ల దూరం ఉంది. రెంటినీ ఒకే గాటన కట్టకండి.


షాహిద్_టోలిచౌకి
శనివారం, సాయంత్రం 6:30

కృష్ణవేణి గారూ, మీరు అడిగిన మొదటి ప్రశ్న చదివి చాలా సంతోషం కలిగింది. కొనేముందు మా వాళ్లలో కూడా అందరూ అడగరు.

ఫోటో చూశాను. ఇది కూఫీ లిపి, అరబిక్ రాతలో ఒక పాత పద్ధతి. నేను చిన్నప్పటి నుంచి ఖురాన్ చదువుతున్నా ఇది గబుక్కున చదవలేను, ఎందుకంటే చుక్కలు ఉండవు. అరబిక్‌లో బే, తే, సే మూడూ ఒకే ఆకారం, చుక్కలతోనే తేడా. చుక్కలు తీసేసి, గీతల్ని జానెడు పొడవు లాగితే ప్రతి మాటనీ ఊహించి పట్టుకోవాలి. దయచేసి పెద్ద పళ్లేన్ని గడియారంలా తిప్పుతూ నాలుగు వైపుల నుంచి నాలుగు ఫోటోలు తీసి పెట్టండి. వెలుతురు పక్క నుంచి పడితే మంచిది.

ఈలోగా కంగారు పడకండి. నిషాపూర్ గిన్నెల మీద ఎక్కువగా ఉండేవి సామెతలు, దీవెనలు. "బరకత్", అంటే దీవెన, అన్న ఒక్క మాటే ఉన్నవి చాలా ఉన్నాయి.


ఫణి_1979
శనివారం, రాత్రి 8:10

నా అభిప్రాయం సూటిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. ఇవి ఫ్యాక్టరీలో స్టిక్కర్ అంటించి కాల్చిన పళ్లేలు. మామూలు షాపులో సెట్టు ఎంతో, మ్యూజియం పేరు తగిలితే దానికి మూడింతలు. ఆ డబ్బు పెట్టి చేత్తో పని చేసేవాళ్ల దగ్గర కొంటే ఒక కుటుంబానికి ఆసరా అవుతుంది. పైగా పాత కుమ్మరి చేసిన డిజైన్‌కి లాభం ఎవరికి పోతోంది? ఈ విషయంలో నాకు నిజంగా కోపం ఉంది.


కృష్ణవేణి_ఎడిసన్
శనివారం, రాత్రి 9:25

నాలుగు ఫోటోలు పెట్టాను షాహిద్ గారూ. కిటికీ దగ్గర ఎండ లేదు, టేబుల్ లైట్ పక్కన పెట్టి తీశాను. ఫణి గారూ, మీ మాటలో న్యాయం ఉంది. కానీ నేను కొన్నది పేరు చూసి కాదండీ. ఆ షాపులో అరగంట నిలబడి దాన్ని తిప్పి తిప్పి చూశాను. ఇంత ఖాళీ వదిలి ఇంత నిండుగా కనబడే పళ్లెం నేనెప్పుడూ చూడలేదు.


షాహిద్_టోలిచౌకి
ఆదివారం, ఉదయం 7:50

రాత్రి మా నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోటోల్ని ఫోన్‌లో పెద్దవి చేసి చూస్తూ ఒంటిగంట దాకా కూర్చున్నాం. పట్టుకున్నాం.

మాస్టారు చెప్పిన మెట్రోపాలిటన్ గిన్నె మీద ఉన్న వాక్యమే ఇది. పూర్తి వాక్యం ఇలా ఉంటుంది: "అత్తద్‌బీరు ఖబ్లల్ అమలి యూమినుక మినన్నదమ్. అల్‌యుమ్ను వస్సలామా." పనికి ముందు ఆలోచన చేసుకుంటే అది నిన్ను పశ్చాత్తాపం నుంచి కాపాడుతుంది, శుభం, క్షేమం కలగాలి అని అర్థం. ఖురాన్ వాక్యం కాదు, హదీసు (ప్రవక్త చెప్పిన మాట) కాదు. పెద్దవాళ్లు చెప్పే మంచి మాట, చివర ఒక దీవెన. దాని మీద అన్నం తినడంలో ఏ ఇబ్బందీ లేదు, అసలు గిన్నె చేసిందే తినడానికి.

ఇందులో మూడో మాట చూడండి. అమల్. అరబిక్‌లో పని, చెయ్యడం అని. మనం తెలుగులో రోజూ "పథకం అమలు", "చట్టం అమల్లోకి వచ్చింది" అంటామే, ఆ అమలు ఇదే. తద్‌బీర్ అంటే ఉపాయం, ఏర్పాటు. ఇక్కడ మా ఇళ్లలో ఉర్దూలో రోజూ వాడతాం. చివర్లో ఉన్న సలామా, మనం క్షేమంగా ఉన్నారా అనడానికి వాడే సలామత్. వెయ్యేళ్ల కిందట నిషాపూర్‌లో ఒక కుమ్మరి కుంచెతో రాసిన మాట ఇవాళ సచివాలయం ఫైళ్లలో తెలుగు లిపిలో ఉంది. అది తట్టగానే నాన్న లేచి చాయ్ పెట్టారు, ఇక నిద్ర పట్టదని.

ఇప్పుడు బాధపడే విషయం. మీ పళ్లెం మీద పూర్తి వాక్యం లేదు. "పనికి ముందు ఆలోచన" వరకు వచ్చి, తర్వాతి మాట సగంలో ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి "పనికి ముందు ఆలోచన". అలా రెండుసార్లు. పశ్చాత్తాపం లేదు, శుభం లేదు, క్షేమం లేదు. మూడో ఫోటోలో కింద కుడివైపు రెండు పొడుగు గీతల మధ్య మిగతా వాటికన్నా తక్కువ జాగా ఉంది చూడండి, అతుకు అక్కడే. డిజైన్ చేసినవాళ్లు అక్షరాల్ని అల్లికలా చూసి, అంచుకి సరిపోయేలా ముక్క కోసి రెండుసార్లు అంటించారు.


కృష్ణవేణి_ఎడిసన్
ఆదివారం, ఉదయం 8:30

చూశాను. భూతద్దం పెట్టి చూశాను. అతుకు ఉంది. ఇప్పుడు అది తప్ప ఇంకేం కనబడటం లేదు.


ఫణి_1979
ఆదివారం, ఉదయం 9:05

తిరిగి ఇచ్చెయ్యండి. మ్యూజియం అనే మాట పెట్టుకుని అమ్మేవాళ్లకి వస్తువు మీద ఏముందో చదివే బాధ్యత ఉండాలి. మన పద్యం ఒకటి చీర అంచు మీద వేసి, రెండో పాదం మధ్యలో కత్తిరిస్తే మనం ఊరుకుంటామా?


మట్టిపని_మాధవి
ఆదివారం, మధ్యాహ్నం 12:40

అందరికీ నమస్తే. నేను పదిహేనేళ్లుగా స్టూడియోలో కుండలు, పళ్లేలు చేస్తున్నాను. ఫణి గారి కోపం నాకూ ఉంది, కానీ ఒకటి చెప్పాలి. నిషాపూర్‌లోనే అక్షరాల్లా కనిపిస్తూ ఏ మాటా కాని గీతలున్న గిన్నెలు కూడా దొరికాయి. ఒకే మాట ముక్కని చుట్టూ తిప్పి తిప్పి రాసినవీ ఉన్నాయి. అందువల్ల అతుకు పెట్టడం ఈ కాలపు పాపమే అనలేం. తేడా ఎక్కడంటే, ఆ కుమ్మరి తన ఊరి జనానికి అమ్ముకున్నాడు, కొన్నవాళ్లకి అది ఏమిటో తెలుసు. ఇక్కడ కొనేవాళ్లకి చెప్పాల్సిన బాధ్యత షాపుది. కార్డు మీద ఇంకో నాలుగు లైన్లు రాస్తే సరిపోయేది.

ఇక తినొచ్చా అన్నదానికి వస్తాను. కళ్లు మూసుకుని చూపుడువేలి కొనతో తెలుపు మీద నుంచి నలుపు మీదకి నెమ్మదిగా జరపండి. అక్షరం దగ్గర గోరుకి చిన్న మెట్టు తగిలితే ఆ బొమ్మ గ్లేజు, అంటే మాస్టారు చెప్పిన గాజులాంటి పూత, పైన ఉన్నట్టు. అలాంటివి 750, 850 డిగ్రీల మధ్య కాలుస్తారు, రంగు పైపైనే కూర్చుంటుంది. రోజూ ఫోర్కు గీరినా, పులుపు తగిలినా, డిష్‌వాషర్‌లో తిరిగినా అరిగిపోతుంది. మెట్టు తగలకుండా గాజు మీద జారినట్టు ఉంటే రంగు గ్లేజులోకి దిగిందని, లేదా గ్లేజు కిందే ఉందని అర్థం. అది గట్టిది. చిన్న పళ్లేలు, పెద్ద పళ్లెం రెండూ విడివిడిగా చూడండి. ఒకే సెట్‌లో రెండు రకాలూ ఉండటం మామూలే.

సీసం సంగతి. పాత గిన్నెల మీది ఆ మెరుపు పూత సీసం కలిపిన గ్లేజే. కాబట్టి అసలు గిన్నె దొరికినా మీ చింతపండు పులుసు అందులో పొయ్యొద్దు. ఇప్పటి వాటికి అమెరికాలో ఎఫ్.డి.ఏ. (ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) పరీక్ష ఉంది. 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచి, ఎంత సీసం దిగిందో కొలుస్తారు. పళ్లేలకి మిల్లీలీటరుకి 3 మైక్రోగ్రాములు, కప్పులకి 0.5 దాటకూడదు. కప్పులకి కట్టుబాటు ఎందుకు ఎక్కువంటే వేడిగా, పుల్లగా ఉన్నవి వాటిలో ఎక్కువసేపు నిలవుంటాయి. ఇంట్లో వెనిగర్ పోసి ఒక రోజు ఉంచి చూడొచ్చు. రంగు వెలిసినా, మెరుపు తగ్గినా అన్నానికి వాడకండి. కానీ ఏమీ మారకపోతే సీసం లేదని మాత్రం అనుకోవద్దు, సీసం కంటికి కనబడదు. పళ్లెం వెనకాల "అలంకరణకి మాత్రమే" అని ఉందా, "ఆహారానికి వాడొచ్చు" అని ఉందా చూడండి. ఏదీ లేకపోతే షాపుకి రాసి అడగండి.

బంగారు గీత ఉన్నది మైక్రోవేవ్‌లో అస్సలు పెట్టకూడదు.


దోహా_రమణ
ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఆ చివరి మాట నిజం మేడమ్. మా రూమ్‌లో ఒకతను బంగారు అంచు కప్పుతో పాలు వేడి చేద్దామని పెట్టాడు. లోపల వెల్డింగ్ చేసినట్టు మెరుపులు. పరిగెత్తి స్విచ్ తీశాను. కప్పు అంచంతా నల్లబడిపోయింది. అతను కొత్తగా వచ్చినవాడు, పెళ్లికి ఎవరో ఇచ్చిన కప్పట, రెండు రోజులు మాట్లాడలేదు.

బంగారంలా మెరిసే గిన్నెలు ఆ మ్యూజియంలో కూడా ఉన్నాయి. అవి కూడా బంగారమేనా?


మట్టిపని_మాధవి
ఆదివారం, మధ్యాహ్నం 3:15

కాదు రమణ గారూ, అక్కడే ఉంది గొప్పతనం. దాన్ని లస్టర్ అంటారు. 9వ శతాబ్దంలో ఇరాక్‌లో మట్టి గిన్నెల మీద మొదలుపెట్టారు. మెరిసే పాత్రలో బంగారం చుక్క ఉండదు. వెండి, రాగి సమ్మేళనాల్ని మెత్తటి మట్టితో కలిపి, అప్పటికే గ్లేజు వేసి కాల్చిన గిన్నె మీద బొమ్మ గీస్తారు. అప్పుడు చూస్తే బురద పూసినట్టు ఉంటుంది. మళ్లీ బట్టీలో పెట్టి తక్కువ వేడి మీద, గాలి ఆడకుండా మూసి, పొగ నింపుతారు. పొగ ఆ సమ్మేళనాల్లోని ఆక్సిజన్‌ని లాగేస్తుంది, వెండి, రాగి గ్లేజు పైపొరలో కంటికి కనబడనంత సన్నటి పొరగా మిగిలిపోతాయి. బయటికి తీశాక పైన మాడిన మట్టిని గుడ్డతో తుడవాలి.

నేను నాలుగేళ్లు ప్రయత్నించాను. ముప్ఫై గిన్నెలకి మూడు వచ్చాయి. పొగ కొంచెం ఎక్కువైతే నల్లబడుతుంది, తక్కువైతే ఏమీ రాదు. మొదటిసారి తడిగుడ్డతో తుడిచినప్పుడు బొగ్గు కింద నుంచి ఒక ఆకు అంచు తేనెరంగులో మెరిసింది. గిన్నెని చెయ్యి తిప్పితే అదే ఆకు ఆకుపచ్చగా, ఇంకొంచెం తిప్పితే ఊదాగా కనబడింది. ఆ రోజు నా చేతులు వణికాయి. అచ్చు వేసిన బంగారు స్టిక్కర్ ఎటు తిప్పినా ఒకేలా మెరుస్తుంది. షాపులో తేడా తెలుసుకోవాలంటే పళ్లేన్ని దీపం కింద అటూ ఇటూ వంచి చూడండి.

ఇరాన్‌లోని కాషాన్ కుమ్మరులు 12వ శతాబ్దం చివరి నుంచి దీన్ని శిఖరానికి తీసుకెళ్లారు. ఆ కుమ్మరి కుటుంబాల్లో పుట్టిన అబుల్ ఖాసిమ్ 1301లో పని మొత్తం రాసిపెట్టాడు. పది పాళ్లు తెల్లరాయి పొడి, ఒక పాలు గాజు పొడి, ఒక పాలు తెల్లమట్టి. మట్టి దొరక్క కాదు, చైనా పింగాణీ లాంటి తెలుపు కోసం. మన జైపూర్ నీలం పళ్లేలు ఆ వంశానివే. వాటిలోనూ ప్రధానంగా రాయి పొడి, గాజు పొడే ఉంటాయి, కాస్త ముల్తానీ మట్టి కలుపుతారు. తక్కువ వేడికి కాలుస్తారు కాబట్టి నీరు పీలుస్తాయి. అవి చూడ్డానికే, అన్నానికి కాదు.


లక్ష్మణ్_జహీరాబాద్
ఆదివారం, సాయంత్రం 5:00

ఫణి అన్నా, చేతిపని అన్నావు కాబట్టి చెప్తున్నా. మాకు బీదర్ దగ్గరే. బిద్రీ పనిలో కూడా ఇదే చూస్తాం. జింకు పదహారు పాళ్లకి రాగి ఒక పాలు కలిపి పోత పోస్తారు. ఉలితో గాడి తీసి, అందులో వెండి తీగ కొట్టి కూర్చోబెడతారు. తర్వాత బీదర్ కోట మట్టి, నవసాగరం కలిపిన వేడి నీళ్లలో ముంచితే లోహం బొగ్గులా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. బహమనీ రాజుల కాలంలో ఇరాన్ వైపు నుంచి వచ్చిన పనితనం అని మా పెద్దలు చెప్తారు. బీదర్‌లో 1472లో కట్టిన మహమూద్ గవాన్ మదర్సా గోడల మీద ఇరాన్ తరహా రంగు పలకలు ఇప్పటికీ కొన్ని మిగిలి ఉన్నాయి, వెళ్తే చూడండి. 2006లో బిద్రీకి జి.ఐ. గుర్తింపు, అంటే ఫలానా ఊరి పని అని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది.

మ్యూజియం షాపుల్లో బిద్రీ ట్రేలు కనబడితే అందులో తినేవి పెట్టకండి. అది పాన్‌దాన్, కూజా, హుక్కా కుదురు చేసే లోహం, కంచం కాదు. మా వీధిలో ఒక పెద్దాయన దగ్గర కొన్నవాళ్లు అందులో నిమ్మకాయలు పెడితే నలుపు పోయి మచ్చలు పడ్డాయి. చేసినవాడిని తిట్టారు. అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు మరి.


లావణ్య_లండన్
సోమవారం, తెల్లవారుజామున 1:20

ఈ చర్చ చదువుతుంటే నిద్ర పట్టలేదు. నన్ను తొలిచేసే విషయం ఇంకొకటి ఉంది.

మ్యూజియం షాపుల్లో ఎనిమిది కోణాల నక్షత్రం ఆకారంలో కోస్టర్లు, అంటే గ్లాసు కింద పెట్టుకునే బిళ్లలు, అమ్ముతారు, చూసే ఉంటారు. గోధుమరంగు మెరుపులో ఆకులు, అంచున సన్నటి రాత. అలాంటి నక్షత్ర పలకల్లో పేరున్నవి టెహ్రాన్‌కి దక్షిణంగా వరామిన్ అనే ఊళ్లో ఇమామ్‌జాదా యహ్యా సమాధి మందిరం గోడలవి. 1262లో కాషాన్ పనివాళ్లు చేశారు. నక్షత్రం, శిలువ, నక్షత్రం, శిలువ అలా గోడంతా పేర్చి ఉండేవి. 19వ శతాబ్దంలో వాటిని ఊడదీసి అమ్మేశారు. ఇప్పుడవి లండన్, న్యూయార్క్, సెంట్ పీటర్స్‌బర్గ్ ఇంకా ఎన్నో మ్యూజియాల్లో చెల్లాచెదురై ఉన్నాయి. మందిరం ఇంకా ఉంది, జనం ఇంకా మొక్కుకోడానికి వస్తున్నారు, గోడలు బోసిగా ఉన్నాయి.

ఆ నక్షత్రాల అంచున ఉన్న రాత చాలావాటిలో ఖురాన్ వాక్యం. కృష్ణవేణి గారు భయపడ్డది పళ్లెం విషయంలో జరగలేదు, కానీ కోస్టర్ల విషయంలో జరగొచ్చు. సమాధి గోడ నుంచి తెచ్చిన నక్షత్రాన్ని అంచుతో సహా యథాతథంగా అచ్చేస్తే, దాని మీద మనం బీరు గ్లాసు పెట్టినట్టే. నేను ఒకసారి ఒక షాపులో ఆ అంచు ఎక్కడిదని అడిగాను. అమ్మే అమ్మాయి పాపం చాలా మర్యాదగా, "అది డిజైన్" అంది.


షాహిద్_టోలిచౌకి
సోమవారం, ఉదయం 8:15

లావణ్య గారూ, మా ఇంట్లో అయితే దాన్ని గోడకి పెడతాం, అంత ఎత్తులో. కింద పెట్టం. తెలియక పెట్టినవాళ్లని తప్పుపట్టను. తెలిసి అమ్మినవాళ్లని అడుగుతాను.

అచ్చు వేసేటప్పుడు అంచు రాత వదిలేసి మధ్యలోని ఆకులు మాత్రం తీసుకోవచ్చు కదా. లేదా బరకత్ లాంటి దీవెన ఉన్న గిన్నెని ఎంచుకోవచ్చు. తినే వస్తువు మీద తినేవాళ్లకోసం రాసిన మాటలే బోలెడున్నాయి. "దాతృత్వం స్వర్గవాసుల గుణం" అని రాసిన గిన్నెలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఇంటికొచ్చిన వాళ్లకి వడ్డించే గిన్నెకి అంతకన్నా ఏం కావాలి?


సత్యం_మాస్టారు_హనుమకొండ
సోమవారం, ఉదయం 10:00

పారిస్ లూవ్ర్ మ్యూజియంలో కూడా ఇదే తరహా పెద్ద పళ్లెం ఒకటుంది. "విద్య మొదట రుచికి చేదు, చివరికి తేనెకన్నా తీపి" అని దాని రాత. అన్నం తినే పళ్లెం మీద చేదు, తీపి గురించి రాయాలన్న ఊహ ఎంత బాగుంది! నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఈ వాక్యం ఉన్న పళ్లెం ఎవరైనా చేస్తే అప్పుచేసైనా కొంటాను. మాధవి గారూ, మీకే చెప్తున్నాను.


మట్టిపని_మాధవి
సోమవారం, ఉదయం 11:30

మాస్టారూ, షాహిద్ గారు రాత సరిచూసి పెడితే చేస్తాను. గ్లేజులో సీసం ఉండదు. పెరుగన్నం, పులుసు ఏదైనా తినొచ్చు. అప్పు అక్కర్లేదు.


కృష్ణవేణి_ఎడిసన్
శుక్రవారం, రాత్రి 8:45

నాలుగు రోజులు ఆలస్యమైంది, షాపు వాళ్ల జవాబు కోసం ఆగాను. ఇవాళ వచ్చింది. చిన్న పళ్లేలు గ్లేజు కింద అచ్చువేసినవట, రోజూ తినడానికి పనికొస్తాయి. పెద్దది మాత్రం బంగారు గీత వల్ల, అక్షరాలు పైన ఉండటం వల్ల అలంకరణకి మాత్రమే. పొడి పదార్థాలు పెట్టుకోవచ్చట. మాధవి గారూ, మీరు చెప్పినట్టే వేలు జరిపి చూశాను. పెద్దదాని మీద ప్రతి అక్షరం దగ్గరా సన్నగా మెట్టు తగిలింది, చిన్నవాటి మీద ఏమీ తెలియలేదు. వెనకాల ఏ మాటా లేదు, అది కూడా వాళ్లకి రాశాను. అతుకు గురించి రాస్తే డిజైన్ విభాగానికి పంపుతామన్నారు. తిరిగిస్తే డబ్బులు వాపసు ఇస్తామని కూడా అన్నారు.

జవాబు వచ్చేలోగానే రెండు రోజులు ఆలోచించాను. తిరిగివ్వడం లేదు. ఆ పిల్ల ఆర్కిటెక్ట్, ఖాళీ జాగా విలువ తెలిసినది, దీన్ని ప్రేమిస్తుంది. కానీ ఆ కార్డు మాత్రం తీసేసి, నేనే ఒకటి తెలుగులో రాస్తున్నాను. ఊరు నిషాపూర్, 10వ శతాబ్దం, తెల్లమట్టి పూత మీద నల్ల రాత, అసలు వాక్యం పూర్తిగా. ఈ పళ్లెం మీద సగమే ఉందనీ, మిగతా సగం ఇదనీ కూడా రాస్తాను. చూసి సరిచెయ్యండి షాహిద్ గారూ: "పని చేసేముందు ఆలోచిస్తే పశ్చాత్తాపం దరిచేరదు. శుభం, క్షేమం."


షాహిద్_టోలిచౌకి
శుక్రవారం, రాత్రి 10:10

బాగుంది. ఒక్క మార్పు అడగొచ్చా? "పని చేసేముందు" బదులు "అమలు చేసేముందు" అని రాయండి. ఆ మాట అసలు వాక్యంలోనిదే కదా, ఉండనివ్వండి. "దరిచేరదు" కన్నా "నిన్ను కాపాడుతుంది" అంటే మూలానికి దగ్గర. అక్కడ "నిన్ను" అని ఉంది, గిన్నె ముందు కూర్చున్నవాడితో మాట్లాడుతున్నట్టు.


ఫణి_1979
శనివారం, ఉదయం 7:30

కార్డు మీద తెలుగులో పూర్తి వాక్యం రాస్తున్నారని చదివాక నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాధవి గారూ, లూవ్ర్ వాక్యం ఉన్న పళ్లెం నాకూ ఒకటి.


కృష్ణవేణి_ఎడిసన్
శనివారం, ఉదయం 9:00

"అమలు చేసేముందు చేసిన ఆలోచన నిన్ను పశ్చాత్తాపం నుంచి కాపాడుతుంది. శుభం, క్షేమం." ఇలా మార్చాను, మంచి పెన్నుతో అట్టకాగితం మీద రాసేశాను.

ఇంకొక్క సందేహం. పెద్ద పళ్లేన్ని స్టాండ్ మీద నిలబెడతారు కదా, ఏ అక్షరం పైకి రావాలి?


షాహిద్_టోలిచౌకి
శనివారం, ఉదయం 9:35

రెండో ఫోటోలో ఎడమ పక్కన పక్కపక్కనే రెండు పొడుగు గీతలున్నాయి చూడండి. మొదటిది అలిఫ్, దాని పక్కది లామ్. వాక్యం అక్కడే మొదలవుతుంది. ఆ రెండూ నడినెత్తిన ఉండేలా పెట్టి, అతుకు ఉన్న వైపు కిందికి వచ్చేలా చూసుకోండి. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో చదువుకుంటూ వెళ్లాలి.


దోహా_రమణ
శనివారం, మధ్యాహ్నం 12:20

మా ఇంటామెకి ఫోన్ చేశా. కప్పు తీసి వేలు జరిపి చూసింది, మెట్టు లేదు, నున్నగా ఉందట. అడుగున ఆహారానికి వాడొచ్చన్న గుర్తు కూడా ఉందట, ఫోటో పంపింది. షాహిద్ భాయ్, దాని మీద నీలం రాత ఉంది, అదీ పెడుతున్నా. కొంచెం చదివి చెప్పండి, చెప్పాకే చాయ్ పోస్తానంటోంది.